డైనింగ్ టేబుల్ మీద చందుర్తి యుద్ధం: బొమ్మల సైన్యం హాబీ ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: చిన్న చిన్న సైనికుల బొమ్మలు తయారుచేసి, రంగులేసి, టేబుల్ మీద యుద్ధాలాడే హాబీ మన దగ్గర ఇంట్లోనే చేసుకోవచ్చా? ఏం కొనాలి, ఎంతవుతుంది? ఆడటానికి తోడెవరూ లేకపోతే ఎలా?

నిక్షేపంగా చేసుకోవచ్చు. ఆరేళ్ళుగా కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో నేను చేస్తున్నది అదే. దీనికంటూ వేరే గది లేదు. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి, పాత క్యాలెండర్ అట్ట పరిచి కూర్చుంటాను. పదకొండింటికల్లా అన్నీ స్వీటు డబ్బాలోకి సర్దేస్తాను. పొద్దున్నే అదే టేబుల్ మీద ఇడ్లీలు.

ఏం కొనాలో తర్వాత, ముందు ఏం కొనకూడదో చెప్తాను. మీరు బహుశా వార్‌హామర్ వీడియోలు చూసి అడిగినట్టున్నారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళది ఆ ఆట. అందులో ఇప్పుడు అందరూ చూసే అంతరిక్ష సైనికుల రకం 1987లో వచ్చింది. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ ఒక సైన్యం కూర్చాలంటే వేలకు వేలు. నాకు తెలిసిన ఇద్దరు ఉత్సాహంగా పెద్ద పెట్టెలు తెప్పించుకుని, ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల నుంచి నాలుగు బొమ్మలు కూడా కోయకుండా అటకెక్కించారు. ముందు ఒక పది బొమ్మలకు రంగేసి చూడండి. ఆ పని మీకు నచ్చిందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే ఈ హాబీలో ఆట పదో వంతు, రంగులు తొమ్మిది వంతులు.

నా మొదటి మోడల్ 1/72 సైజు మిగ్-21. అంటే పొడుగు, వెడల్పు, ఎత్తు అన్నీ అసలు విమానంలో 72వ వంతు, మొత్తం జానెడు పొడుగు. రెండు వారాలు కష్టపడి అతికించి, చివర్లో పైలట్ మీద ఉండే పారదర్శకమైన మూతను సూపర్ గ్లూతో అంటించి పడుకున్నాను. పొద్దున చూస్తే మూతంతా లోపలివైపు తెల్లగా పొగ పట్టేసింది, శుక్లం వచ్చిన కన్నులాగా. ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది, అది గాజులాంటి ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది. అలాంటి భాగాలకు ఫెవికాల్ చాలు, ఆరాక కనపడదు. మిగతా గట్టి ప్లాస్టిక్‌కి మోడల్స్ కోసమే అమ్మే పల్చటి సిమెంటు కొనండి. అది అంటించదు, ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. కిటికీ తెరిచి వాడండి. ఆ మిగ్ ఇప్పటికీ టీవీ పక్కన ఉంది. 2025 సెప్టెంబరులో వాయుసేన ఆ విమానాలను పూర్తిగా పక్కనపెట్టిన రోజున దాని మీద దుమ్ము దులిపాను.

సరే, సైనికుల సంగతికి వస్తాను. మాది కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గర. చిన్నప్పుడు చందుర్తి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళుంటానో లెక్కలేదు. అక్కడ ఒక యుద్ధం జరిగిందని నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. 1758 డిసెంబరులో జరిగింది. విజయనగరం ఆనంద గజపతిరాజు పిలుపు మీద బెంగాల్ నుంచి ఓడల్లో విశాఖపట్నం వచ్చి దిగిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్ ఒకవైపు, ఉత్తర సర్కారుల్లో, అంటే మన ఈ కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచి సేనను నడుపుతున్న కాన్‌ఫ్లాన్ మరోవైపు. ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. ఫ్రెంచి వైపు 500 మంది తెల్లవాళ్ళు, 6,000 మంది సిపాయిలు, 30 దాకా ఫిరంగులు. గెలిచింది ఫోర్డ్. ఎలాగన్నది కాసేపట్లో చెప్తాను, అది ఆటకు చాలా ముఖ్యం.

వంద మందికి ఒక బొమ్మ అని లెక్క వేసుకున్నాను. ఇటు 5 ప్లస్ 19, అటు 5 ప్లస్ 60. మొత్తం 89. ఆరు ఫిరంగులకు ఒకటి చొప్పున ఇటు ఒకటి, అటు అయిదు. రాజుగారి సొంత సేనను వదిలేశాను, క్షమించాలి, నా ఓపిక అంతే.

యూరప్‌లో 1756 నుంచి 1763 దాకా జరిగిన ఏడేళ్ళ యుద్ధం తాలూకు సైనికులు 1/72లో పెట్టెలుగా వస్తారు. చందుర్తి కూడా ఆ యుద్ధంలో ఒక తునకే. తెల్లవాళ్ళకు ఆ బొమ్మలు సరిపోయాయి. సిపాయిలతోనే చిక్కు. మూడు మూలల టోపీలు పెట్టుకుని నిలబడ్డ 79 మందిని సిపాయిల్ని చెయ్యాలి. బ్లేడుతో టోపీ చెక్కేసి, పైపులకు వాడే ఎం-సీల్ కలిపి, దాన్ని తడి వేలితో సన్నటి దారంలా పేని, ఒక్కో తల చుట్టూ మూడు చుట్లు తిప్పి తలపాగా కట్టాను. వేలు తడిగా లేకపోతే తలపాగా తలను వదిలేసి వేలికే కట్టుకుంటుంది. ఒకసారి కలిపిన ముద్ద గట్టిపడేలోపు పది తలలు అయ్యేవి. మా అమ్మ పక్కన కూర్చుని చూసి, "పెళ్ళికొడుక్కి కూడా ఇంత శ్రద్ధగా కట్టరురా" అంది.

ఈ పెట్టెల్లో బొమ్మలు చాలావరకు మెత్తటి ప్లాస్టిక్. తుపాకీ వంచితే వంగుతుంది, దాని మీద వేసిన రంగు పొరలుగా ఊడొస్తుంది. నా మొదటి ఎనిమిది బొమ్మలు అలాగే పోయాయి. ఇప్పుడు ముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెడతాను. నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి, దాని మీద ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత. స్ప్రే ప్రైమర్ అయితే వానాకాలంలో వాడకండి, గాలిలో తేమకు ఇసక చల్లినట్టు గరుకుగా పడుతుంది. నేను జూలై, ఆగస్టుల్లో కుంచెతోనే వేసేస్తాను.

రంగులు అక్రిలిక్ అయితే చాలు, స్టేషనరీ షాపులో దొరికేవే. నీళ్ళు కలిపి రెండు పల్చటి పూతలు. చిక్కగా ఒక్కటే వేస్తే బొమ్మ మొహం దోసెపిండిలో ముంచినట్టుంటుంది. ఎండాకాలం ఫ్యాను కింద రంగు కుంచె మీదే ఎండిపోతుంది కాబట్టి, స్టీలు టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ, దాని మీద బటర్ పేపర్ పరిచి అక్కడ రంగు కలపండి. రాత్రి డబ్బాకి మూత పెట్టేస్తే మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది. కుంచె సన్నగా ఉండాలని అందరూ సున్నా సైజులు కొంటారు. అక్కర్లేదు. ఒకటో నంబరు కుంచె కొన బాగుంటే కనురెప్ప కూడా గీయొచ్చు.

ఆఖర్న నీళ్ళలాంటి ముదురు గోధుమ రంగు బొమ్మంతా పారించండి. అది బట్టల మడతల్లోకి, వేళ్ళ సందుల్లోకి దిగి నిలుస్తుంది. అంతదాకా ప్లాస్టిక్ ముక్కలా ఉన్నది ఒక్కసారిగా మనిషవుతుంది. నాకు ఈ హాబీలో అన్నిటికన్నా ఇష్టమైన నిమిషం అదే. ఒక్కోసారి ఆఫీసులో మీటింగు నడుస్తుండగా కూడా అదే గుర్తొస్తుంటుంది.

ఇక నేల. తాటిచెట్లు, గట్లు, పూరిళ్ళు ఇవన్నీ ఇంట్లో వస్తువులే. ఇళ్ళకు చెప్పుల డబ్బా అట్ట, కప్పుకు చీపురు పుల్లలు. మట్టికి, వాడేసిన టీ పొడి కడిగి బాగా ఎండబెట్టింది (తడి మిగిలితే బూజు పడుతుంది, అనుభవం). గుట్టలకు థర్మోకోల్ వాడితే దాని మీద సరాసరి స్ప్రే కొట్టకండి. నా మొదటి గుట్ట కళ్ళముందే మంచుగడ్డలా కరిగి గొయ్యయింది. ముందు ఫెవికాల్ పూత పెట్టండి. సైనికుల కాళ్ళకింద హార్డ్‌వేర్ షాపు ఇనప వాషర్లు అంటించాను. స్వీటు డబ్బా అడుగున అయస్కాంతం షీటు వేశాను కాబట్టి, డబ్బా తలకిందులైనా ఎవడూ పడడు.

చేను చెయ్యడానికి మాత్రం సరుకు కొన్నాను. చందుర్తిలో ఏపుగా పెరిగిన చేనే యుద్ధాన్ని తిప్పింది. ఫోర్డ్ తాలూకు తెల్ల పటాలం దాని వెనక కనపడకుండా ఉంది. పక్కన సిపాయిలు బయటికి కనపడుతున్నారు. బెంగాల్ సిపాయిలకు ఎర్రకోట్లు ఉండేవి, లాల్ పల్టన్ అనే పేరు అందుకే. అప్పటిదాకా దక్షిణాదిలో ఎర్రకోటు అంటే తెల్లవాడే. కాన్‌ఫ్లాన్ ఆ సిపాయిలనే ఇంగ్లీషు పటాలం అనుకుని తన మంచి సైన్యాన్నంతా అటు తోలాడు. వాళ్ళు ముందుకెళ్ళేసరికి పక్కనున్న చేనులోంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కటెముకల మీద కాల్చింది. ఆ దెబ్బతో ఫ్రెంచి సేన చెదిరిపోయింది. నాలుగు నెలలకు, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కూడా పోయింది.

చేనుకి కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ కోసి నిలబెట్టాను. పసుపు, గోధుమ రంగులు పైపైన రుద్దితే అచ్చం పండిన చేనే. మా ఆవిడ కొత్త డోర్‌మ్యాట్ కోసం చూస్తుంటే గడప దగ్గర సగం ముక్క దొరికింది. కాబట్టి చెప్తున్నాను, రెండు కొనండి.

మొదటిసారి అన్నీ పరిచినప్పుడు, పదకొండేళ్ళ మా అమ్మాయి టేబుల్ అవతలి వైపు నుంచి చూసి, "నాన్నా, ఈ ఎర్రవాళ్ళంతా ఒకటేనా?" అంది. దగ్గరికొస్తే తలపాగా, టోపీ తేడా తెలుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి ఎరుపు ఒక్కటే కనపడుతుంది. పుస్తకంలో చదివినప్పుడు కాన్‌ఫ్లాన్ అంత తెలివితక్కువగా ఎలా మోసపోయాడా అనుకున్నాను. ఆ రోజు అతని మీద కాస్త జాలేసింది.

రూల్సు నెట్‌లో ఉచితంగా ఒకటి రెండు పేజీలవి దొరుకుతాయి. నేను వాటినే కోసి కుదించుకున్నాను. నడక 6 అంగుళాలు, తుపాకీ 8 అంగుళాలు, బొమ్మకో పాచిక, 5 గానీ 6 గానీ పడితే తగిలినట్టు. పక్కనుంచి కాలిస్తే 4 కూడా చెల్లుతుంది. సగం మంది పోయిన దళం పాచిక వేసి, 1 లేదా 2 పడితే పారిపోతుంది. దాక్కున్న దళాలకు బదులు బోర్లించిన పేక ముక్కలు పెడతాం, కొన్నిటి వెనక ఎవరూ ఉండరు. అవతలివాళ్ళు 6 అంగుళాల్లోకి వస్తేనే తిప్పి చూపాలి. ఇవే లేకపోతే చందుర్తి ఆడటం దండగ, ఎందుకంటే కథ ఇద్దరికీ తెలుసు.

తోడు లేకపోతే ఎలా అన్నారు. మొదటి రెండేళ్ళు నేనొక్కణ్ణే ఆడాను. పేక కట్ట కలిపి ఒక్కో ముక్క తియ్యండి. ఎరుపు వస్తే ఇటు ఒక దళం, నలుపు వస్తే అటు ఒక దళం కదులుతుంది. వరసగా అయిదు నలుపులు వచ్చినప్పుడు ఒంటరిగా కూర్చుని కూడా టెన్షన్ పడతాం.

ఖర్చు సంగతి: మొదటి ఏడాది బొమ్మలు, ఎనిమిది రంగులు, రెండు కుంచెలు, కటింగ్ ప్లయరు, సిమెంటు అన్నీ కలిపి నాకు 4,500 రూపాయల చిల్లర అయింది. మొత్తం 89 మంది పూర్తవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అంత కూడా వద్దనుకుంటే కాగితం సైనికుల్ని దళసరి కాగితం మీద ప్రింటు తీసి నిలబెట్టండి, ఆటకు అవి ఏమాత్రం తక్కువ కావు. త్రీడీ ప్రింటింగ్ గురించి కూడా చెప్తారు. ఆ ప్రింటర్లో పోసే రెజిన్ ద్రవం వాసన, గ్లవ్స్, కడగడాలు మా ఫ్లాట్‌లో కుదరవని నేను దాని జోలికి పోలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి ఫ్రెంచి వైపు తీసుకుంది. పందెం ఏమిటంటే ఓడినవాళ్ళు టేబుల్ సర్దాలి. నేను అయిదుగురు తెల్లవాళ్ళనీ పద్ధతిగా చేను వెనక పెట్టి ఎదురుచూస్తున్నాను. తను ఎర్ర సిపాయిల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అయిదు ఫిరంగులూ తెచ్చి చేనుకి ఎదురుగా వరసగా నిలబెట్టి, "నువ్వు అందులోనే ఉంటావు కదా నాన్నా" అని పాచికలు ఊపింది. ఫోర్డ్ మూడో విడతలోనే పోయాడు. 89 మందినీ, చేనునీ, ఆరు ఫిరంగులనీ డబ్బాలో పెట్టి, రాలిన పీచు ఊడ్చేసరికి నాకు అరగంట పట్టింది.