ఆఖరి నాలుగు రోజులు

అమ్మాయీ,

నీ లావోస్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్లో, రెండోసారి ప్రింటు తీసుకుని పెన్సిలు పట్టుకుని. మొదటి పేజీ మొత్తం కొట్టేశాను, ఏమీ అనుకోకు. "ఒంటరి ప్రయాణం నన్ను నాకు పరిచయం చేసింది" అని మొదలుపెట్టావు. ఆ మాట రాయడానికి లావోస్ దాకా పోనక్కర్లేదు, అన్నవరం వెళ్ళొచ్చినా రాయొచ్చు.

నీ అసలు వ్యాసం మూడో పేజీలో ఉంది. రాజధాని వియంటియాన్‌లో ఆఖరి సాయంత్రం, మెకాంగ్ నది ఒడ్డున నైట్ మార్కెట్లో నిలబడి మిగిలిన కిప్‌లు, అంటే వాళ్ళ నోట్లు, లెక్కపెట్టుకున్నావు చూడు, అక్కడ. ఆ దేశం దాటితే కిప్‌ని మార్చుకునే వాళ్ళు దాదాపు ఎవరూ ఉండరు. కాఫీకి కూడా వేలల్లో ఇచ్చి లక్షాధికారిలా తిరిగిన పిల్ల, మర్నాడు విమానం ఎక్కేలోపు ఆ కట్ట వదిలించుకోవాలి. ఎంత మంచి టెన్షన్ అది! నువ్వేమో "మిగిలిన డబ్బుతో చిన్న షాపింగ్ చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎంత మిగిలింది? ఏది బేరమాడి వదిలేశావు? ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ఆటోకి ఎంత పక్కన పెట్టుకున్నావు? ఆ లెక్క రాయి. నేను 2008లో వెళ్ళినప్పుడు ఆ లెక్క తప్పాను. ఆ నోట్లు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక మనీ చేంజర్ వాటిని వెలుతురుకి పెట్టి చూసి, "ఇది ఏ దేశం సార్?" అన్నాడు.

లువాంగ్ ప్రబాంగ్ నుంచి వియంటియాన్‌కి రైల్లో రెండు గంటల్లో వచ్చేశానని రాశావు. 2021 డిసెంబరులో ఆ చైనా రైలు మొదలయ్యేదాకా అది పదమూడో నంబరు రోడ్డు మీద బస్సు ప్రయాణం. నాకు పది గంటలు పట్టింది. బస్సెక్కగానే క్లీనర్ అందరికీ ప్లాస్టిక్ కవర్లు పంచాడు. ఎందుకో రెండో ఘాట్ మలుపులో తెలిసింది. నీ ప్రయాణం నాకంటే సుఖంగా జరిగిందని కాదు నా బాధ. కిటికీలోంచి ఏం కనిపించిందని చూస్తే "సొరంగాలు, సొరంగాలు" అని ఉంది, అంతే. నిజమే, ఆ దారి నిండా సొరంగాలే. అయితే చీకట్లో అద్దంలో నీ పక్కవాళ్ళ మొహాలు కనిపిస్తాయి కదా, వాళ్ళ ఒళ్ళో ఏముందో చూశావా?

తెల్లవారుజామున భిక్షకు వచ్చే బౌద్ధ భిక్షువుల గురించి ఒక పేజీ రాశావు. కాషాయం, పొగమంచు, నిశ్శబ్దం. ఫోటోలో ఎవరికైనా కనిపించేవే. మోకాళ్ళ మీద కూర్చున్న ఆడవాళ్ళు వెదురు బుట్టలోంచి జిగురు అన్నం చిన్న ముద్ద తీసి పాత్రలో వేస్తారు. వేడిగా ఉంటే వేళ్ళు కాలతాయి. వరుస చివర పిల్లలు కొందరు ఖాళీ బుట్టలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. పాత్ర నిండిన చిన్న భిక్షువు అందులోంచి ఓ పిడికెడు తీసి ఆ బుట్టల్లో వేసి వెళ్ళిపోతాడు. నేను చూసినవాటిలో మర్చిపోలేనిది అదే. నువ్వు అక్కడే ఉన్నావు, నీ మెడ మాత్రం కెమెరా వైపు తిరిగి ఉందేమో.

ఇంకో మాట. వాళ్ళ రామాయణం పేరు 'ఫ్రా లక్ ఫ్రా రామ్' అని తెలియగానే "మన రామాయణమే" అని చంకలు గుద్దుకున్నావు. ఆ పేరు మళ్ళీ చదువు. ముందు లక్ష్మణుడు, తర్వాత రాముడు. "మన" అనేసరికి అది నీకు కనబడలేదు.

అసలు కోపం వచ్చింది మాత్రం కోప్ సెంటర్ దగ్గర. వియంటియాన్‌లోని పతుసాయ్ విజయద్వారానికి అరపేజీ ఇచ్చావు, రన్‌వే కోసం అమెరికా ఇచ్చిన సిమెంటుతో కట్టారన్న జోకుతో సహా. బాగుంది. అదే అమెరికా 1964 నుంచి 1973 దాకా ఆ చిన్న దేశం మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. వాటిలోంచి రాలినవి ఇరవై ఏడు కోట్ల చిన్న బాంబులు, టెన్నిస్ బంతంత. అందులో మూడో వంతు దాకా పేలలేదు, పొలాల్లో ఉండిపోయాయి. ఇప్పటికీ పార తగిలి పేలుతున్నాయి. ఆ కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకి కృత్రిమ అవయవాలు అందించే కోప్ సెంటర్‌కి వెళ్ళి నువ్వు రాసింది: "మనసు బరువెక్కింది." నీ మనసు సంగతి పాఠకుడికెందుకు? సీలింగు నుంచి వేలాడే ఆ ఉక్కు గుండ్ల కింద నిలబడ్డావు కదా. వాడేసి వదిలేసిన పాత కృత్రిమ కాళ్ళు చూశావు కదా. ఒక్క కాలు ఎంచుకో. దేంతో చేశారో, ఎక్కడ అరిగిందో రాయి. నీ మనసు బరువు నువ్వు చెప్పకుండానే మాకు తెలుస్తుంది.

చివరి పేరా, "మళ్ళీ వస్తాను లావోస్" తీసెయ్యి. దానికి ముందు ఒక వాక్యం దాక్కుని ఉంది: గెస్ట్‌హౌస్ అవ్వ బయల్దేరేముందు నీ మణికట్టుకి తెల్ల దారం కట్టిందని. దాన్ని బాసీ అంటారు. ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయని వాళ్ళ నమ్మకం. ప్రయాణంలో చెదిరిపోకుండా వాటిని పిలిచి ముడేస్తారు. ఆ దారం కనీసం మూడు రోజులు తియ్యకూడదు.

అంటే బ్యాంకాక్‌లో విమానం మారినప్పుడూ, శంషాబాద్‌లో దిగినప్పుడూ అది నీ చేతికే ఉంది. మీ అమ్మ తలుపు తీసి, ముందు నీ నల్లబడ్డ మొహం చూసి, తర్వాత చెయ్యి చూసి, "ఏ గుళ్ళో కట్టారే?" అని అడిగే ఉంటుంది. నువ్వేం చెప్పావు? అది రాసి పంపు.