విశాఖలో ఉండి ఆరోగ్యకరమైన భవనాలపై పీజీ, పరిశోధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: విశాఖలో బి.ఆర్క్‌ చివరి సంవత్సరంలో ఉన్నారు. మనుషుల ఆరోగ్యానికీ, పర్యావరణానికీ మేలు చేసే భవనాల రూపకల్పనలో పీజీ చేసి పరిశోధనలోకి వెళ్లాలని ఉంది. ఎక్కడ చదవాలి, విదేశాలకు వెళ్లక తప్పదా, సివిల్‌ చదివిన మీ స్నేహితురాలికి కూడా దారి ఉందా, చివరికి ఉద్యోగం దొరుకుతుందా? నేను ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడే ఆర్కిటెక్చర్‌ చదివి, ఇదే విషయంలో ఎం.ఆర్క్‌, పీహెచ్‌డీ చేసినదాన్ని. ఇప్పుడు పాఠాలు చెబుతూ, ఇళ్లలో గాలినీ తేమనూ కొలిచే పనిలో ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాలేజీల పేర్లకంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఈ రంగంలో రెండు పాయలున్నాయి. ఒకటి విద్యుత్తును ఆదా చేసే భవనం, రెండోది లోపల ఉన్న మనిషిని ఆరోగ్యంగా ఉంచే భవనం. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇంధనం ఆదా చేయాలని ఆఫీసులను గాలి చొరబడకుండా బిగించారు. ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం 1981లో తన ప్రమాణాన్ని సవరించి, పొగ తాగని చోట్ల మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలన్నది. తలనొప్పి, కళ్ల మంట, గొంతు మంట అంటూ ఉద్యోగుల ఫిర్యాదులు పెరిగాయి. 1989లో అదే సంఘం ఆ కనీసాన్ని 15కు పెంచింది. కరెంటు లెక్క ఒక్కటే చూసుకుంటే మనుషులు ఎలా నలిగిపోతారో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఏ కోర్సులో చేరినా, ఈ రెండు పాయలనూ కలిపి చెబుతున్నారా లేదా అన్నదే నేను మొదట చూస్తాను. కేవలం గ్రీన్‌ రేటింగ్‌ (భవనం పర్యావరణానికి ఎంత మేలో చెప్పే గుర్తింపు) పాయింట్లు లెక్కకట్టడం నేర్పే కోర్సు ఉద్యోగానికి పనికొస్తుంది కానీ పరిశోధనకు అది పునాది కాదు.

ఈ తగవు మన ఊళ్లో ఎక్కడ కనిపిస్తుందో చెబుతాను. మధురవాడ వైపు కొత్త ఫ్లాట్లలో పడకగదిని చూడండి. స్ప్లిట్‌ ఏసీ ఉంటుంది, కిటికీలు బిగించి ఉంటాయి, తలుపు కింద సందులో గుడ్డ కుక్కి ఉంటుంది. స్ప్లిట్‌ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. ఈ విషయం చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు. బయట కార్బన్‌ డయాక్సైడ్‌ సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) ఉంటే, నేను కొలిచిన ఇలాంటి గదుల్లో చాలావాటిలో తెల్లవారేసరికి అది 2000 దాటింది. ఆ స్థాయిలో ఆ వాయువే విషమని నేను అనను. గాలి మారడం లేదనడానికి అది గుర్తు. గాలి మారకపోతే వంట పొగ, పెయింటు వాసన, ఒకరి జలుబు అన్నీ ఆ గదిలోనే ఉండిపోతాయి. హార్వర్డ్‌లో జోసెఫ్‌ అలెన్‌ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో గాలి బాగున్న రోజుల్లో అదే ఉద్యోగుల ఆలోచనాశక్తి పరీక్షల ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. అయితే అందులో పాల్గొన్నవారు 24 మందే. తర్వాత వచ్చిన ఫలితాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఈ విషయం ఇంకా తేలలేదు కాబట్టే ఇందులో పరిశోధకులకు పని ఉంది.

ఇక వేడి సంగతి. మనిషికి ఎంత ఉష్ణోగ్రత హాయిగా ఉంటుందన్న లెక్కకు 1970లో డెన్మార్క్‌కు చెందిన ఫ్యాంగర్‌ రూపమిచ్చారు. అది ప్రయోగశాల గదుల్లో కూర్చోబెట్టిన మనుషుల మీద ఆధారపడింది. మన దగ్గర అది సరిపోదని చూపినవారిలో ఒక తెలుగు పరిశోధకురాలు ముందు వరుసలో ఉన్నారు. మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్‌ అపార్టుమెంట్లలో కాపురమున్నవారిని అడిగి, అక్కడే ఉష్ణోగ్రతలు కొలిచి, వారికి సుమారు 29 డిగ్రీలు హాయిగా ఉంటున్నట్టు తేల్చారు. ఏసీని 24లో పెట్టుకోవడమే సహజమనుకునేవాళ్లకు ఆ అంకె పెద్ద ప్రశ్న. ఆ పత్రాలు మీరు తప్పకుండా చదవాలి. ఖరీదైన ప్రయోగశాల లేకుండా, మామూలు మనుషుల ఇళ్ల నుంచే ప్రపంచం పట్టించుకునే ఫలితం తేవచ్చని నాకు ధైర్యం ఇచ్చినవి అవే. 2014లో అహ్మదాబాద్‌ సెప్ట్‌ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో, భారతీయ ఆఫీసుల్లో ఎంత ఉష్ణోగ్రత హాయిగా ఉంటుందో లెక్కకట్టే ఐమ్యాక్‌ అనే నమూనా వచ్చింది. అదీ చూడండి.

కానీ విశాఖ హైదరాబాద్‌ కాదు. మన బాధ ఎండకంటే ఉక్కపోత. థర్మామీటర్‌ 33 చూపిస్తున్నా ఒంటి మీద చెమట ఆరదు. ఇక్కడ మనిషిని కాపాడేది గాలి కదలికే. గాలి సెకనుకు ఒక మీటరు దరిదాపుల్లో కదిలితే, రెండు మూడు డిగ్రీల ఎక్కువ వేడిని కూడా శరీరం హాయిగా భరిస్తుంది. ఆ గాలికి మొదటి అడ్డంకి దోమల మెష్‌. మెష్‌ లేకపోతే డెంగీ, ఉంటే ఉక్కపోత. ఎలాంటి మెష్‌, ఎంత పెద్ద కిటికీ, ఫ్యాను ఎక్కడ ఉంటే ఈ రెండూ తప్పుతాయన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, పీజీ థీసిస్‌కు నిండుగా సరిపోతుంది.

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో ఉండాలంటారు. మనకు సముద్రం కూడా ఆగ్నేయాన్నే ఉంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వంటగది కిటికీలోంచి వచ్చి, తాలింపు పొగను హాల్లోకీ, పడకగదుల్లోకీ మోసుకుపోతుంది. వాస్తు మార్చుకోండని జనానికి చెప్పి ప్రయోజనం లేదు, వాళ్ల నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. ఆ వంటగదిని అక్కడే ఉంచి, పొగ బయటకు పోయే దారి ఎలా వేయాలో ఆలోచించాలి. ఈ ప్రశ్న ఏ విదేశీ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

కిటికీలు తెరవండని చెప్పడం కూడా అన్నిచోట్లా కుదరదు. వన్‌టౌన్‌లో రేవు దగ్గర ఇళ్లవాళ్లు బొగ్గు ధూళికి భయపడి కిటికీలు మూసుకుంటారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్‌ వాయువు లీకైనప్పుడు జనం ఇళ్లలో నిద్రలో ఉన్నారు. పరిశ్రమల పక్కన బతికే కుటుంబానికి బయటి గాలి ఎప్పుడు మేలు, ఎప్పుడు ముప్పు అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం, ఆర్కిటెక్టులు పట్టించుకోవలసిన విషయం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను వచ్చి, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను, ఏసీ, లిఫ్టు, నీటి మోటారు ఏవీ పనిచేయని పైఅంతస్తు ఫ్లాటు ఎన్ని రోజులు నివాసయోగ్యంగా ఉంటుంది? గాజు గోడల టవర్లకు అనుమతులిచ్చేముందు ఈ లెక్క అడగాలని నా గట్టి అభిప్రాయం.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ల గురించి కూడా చాలామంది విద్యార్థులు రాస్తారు. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన కప్పు ఉండటంతో తుపాను గాలి చుట్టూ జారిపోతుంది, లోపల చల్లగా ఉంటుంది. అంతవరకూ నిజమే. కానీ లోపల చీకటి, కట్టెల పొయ్యి పొగ కూడా ఉంటాయి. పొగడ్తతో ఆపకుండా ఆ రెండింటినీ కూడా కొలిస్తేనే అది పరిశోధన అవుతుంది.

ఇప్పుడు చదువు సంగతి. మీకు దగ్గరలో విజయవాడలోని స్కూల్‌ ఆఫ్‌ ప్లానింగ్‌ అండ్‌ ఆర్కిటెక్చర్‌లో సస్టెయినబుల్‌ ఆర్కిటెక్చర్‌లో ఎం.ఆర్క్‌ ఉంది. వాతావరణం మనలాగే ఉక్కపోతది కాబట్టి అక్కడ నేర్చినది ఇక్కడ నేరుగా పనికొస్తుంది. గేట్‌ ఆర్కిటెక్చర్‌ పేపరు రాయండి. గేట్‌ స్కోరుతో చేరినవారికి చాలా ప్రభుత్వ సంస్థల్లో నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది, ఇంట్లోవాళ్ల మీద భారం తగ్గుతుంది. పరికరాలు, ప్రయోగశాలల పరంగా చూస్తే సెప్ట్‌ చాలా ముందుంది. అక్కడి భవన శాస్త్ర పరిశోధన కేంద్రం భవనమే నెట్‌ జీరో ప్రయోగశాల, అంటే ఏడాదికి వాడుకునేంత శక్తిని తానే తయారుచేసుకునే భవనం. ఫీజు మాత్రం ప్రభుత్వ సంస్థలకంటే ఎక్కువ. హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీలో కంప్యూటర్‌ నమూనాల వైపు మొగ్గిన భవన శాస్త్ర పరిశోధన జరుగుతుంది. మట్టి, స్థానిక సామగ్రి మీద ఆసక్తి ఉంటే బెంగళూరు ఐఐఎస్‌సీ వైపు చూడండి. 1974లో అస్త్ర పేరుతో మొదలై, ఇప్పుడు సస్టెయినబుల్‌ టెక్నాలజీస్‌ కేంద్రంగా ఉన్న విభాగం సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుకల మీద దశాబ్దాలు పనిచేసింది.

మీ స్నేహితురాలికి తప్పకుండా దారి ఉంది. ఎం.ఆర్క్‌కు బి.ఆర్క్‌ కావాలి కాబట్టి ఆమె ఎం.టెక్‌ వైపు వెళ్లాలి. సెప్ట్‌లో బిల్డింగ్‌ ఎనర్జీ పెర్ఫార్మెన్స్‌ కోర్సు ఇంజనీర్లకూ, ఆర్కిటెక్టులకూ ఉంది. పరిశోధనలోకి వచ్చాక సివిల్‌, మెకానికల్‌ వాళ్లకు లెక్కల్లో పట్టు వల్ల కొంత మేలే జరుగుతుంది.

విదేశాలకు వెళ్లక తప్పదా అంటే, తప్పుతుంది. వెళ్తే మాత్రం ఒక లోటు తీరుతుంది: మన దేశంలో శక్తి ఆదా నేర్పే కోర్సులు చాలా ఉన్నాయి, ఆరోగ్యాన్ని నడిమధ్యన పెట్టినవి తక్కువ. లండన్‌ యూసీఎల్‌లో ఆరోగ్యం, శ్రేయస్సు, సుస్థిర భవనాల మీద ఒక ఏడాది ఎం.ఎస్‌సీ. ఉంది. ఆర్కిటెక్టులే కాక ఇతర శాస్త్రాలవారూ చేరతారు. వైద్యుల అధ్యయనాలను ఎలా చదవాలి, ఇంటి లోపాన్ని జబ్బుతో కలిపేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలి అన్నవి అలాంటి చోటే బాగా అబ్బుతాయి. బ్రిటన్‌ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్‌ ఉపకారవేతనానికి రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. కామన్వెల్త్‌ది కూడా చూడండి.

వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో 2020 డిసెంబరులో అవాబ్‌ ఇషాక్‌ అనే రెండేళ్ల బాబు ఇంట్లోని బూజు వల్ల శ్వాస సమస్యతో చనిపోయాడు, ఆ తర్వాత అక్కడ చట్టమే మారింది. వాళ్ల చెమ్మ చలికాలంలో వస్తుంది: లోపలి తేమ చల్లని బయటి గోడమీద నీరవుతుంది. మన దగ్గర తేమ బయటినుంచి వస్తుంది. ఏసీ గదితో చల్లబడిన గోడకు ఆ తడిగాలి తగిలి, అవతలి వైపున ఉన్న అలమర వెనక బూజు పడుతుంది. వాళ్ల పరిష్కారాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే చెమ్మ పెరుగుతుంది. కొత్త ఫ్లాట్లలో ప్లైవుడ్‌, పార్టికల్‌ బోర్డు అలమరలు విడిచే ఫార్మాల్డిహైడ్‌ అనే వాయువు కూడా అంతే, వేడీ తేమా ఎక్కువైనకొద్దీ ఎక్కువ వెలువడుతుంది. అది క్యాన్సర్‌ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. మన తీర ప్రాంతపు ఇళ్లలో దాన్ని కొలవవలసిన అవసరం ఎంతో ఉంది.

పరిశోధనకు పనికొచ్చే కొన్ని సూచనలు. కంప్యూటర్‌లో భవనం తీరును లెక్కకట్టే సిమ్యులేషన్‌ కోసం విశాఖ వాతావరణ ఫైలు ఉచితంగా దొరుకుతుంది, అందరూ దాన్నే ఎనర్జీప్లస్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. కానీ అది ఒక్క చోటి లెక్క. కొండల ఇవతల బీచ్‌ రోడ్డులో గాలి వేరు, గాజువాకలో వేరు. మీ భవనం దగ్గర కొలవకుండా గాలి గురించి ఏ నిర్ణయానికీ రాకండి. కార్బన్‌ డయాక్సైడ్‌ మీటరు కొనేటప్పుడు అది పరారుణ కిరణాల పద్ధతిలో కొలిచేదై ఉండాలి. చవక రకాలు కొన్ని వేరే వాయువులను బట్టి ఊహించి అంకె చూపిస్తాయి, అవి థీసిస్‌కు పనికిరావు. పరికరాలన్నింటినీ ముందు ఒకే గదిలో పక్కపక్కన ఒక రోజంతా ఉంచి, తేడాలు రాసుకున్నాకే ఇళ్లలో పెట్టండి. ఫ్రిజ్‌ పక్కన, టీవీ మీద, ఎండ పడే గూట్లో పెట్టకండి. కూర్చున్న మనిషి తల ఎత్తు, అంటే 1.1 మీటర్ల దగ్గర ఉంచితే మంచిది. సంస్థ నుంచి నైతిక అనుమతి ముందే తీసుకోండి. పడకగదిలో పరికరం పెట్టడమంటే ఆ ఇంటివాళ్లు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు ఇంట్లో లేరో మీకు తెలిసిపోవడమే. ఆ సమాచారాన్ని సొంత ఇంటి గుట్టులాగా కాపాడాలి. ఫలితాలను ఒక్క పేజీలో తెలుగులో రాసి ఆ కుటుంబానికి ఇవ్వండి. నేను అలా ఇచ్చిన ఇళ్లలో చాలామంది రాత్రిపూట పై వెంటిలేటర్‌ కొద్దిగా తెరవడం మొదలుపెట్టారు. నా పత్రాలన్నింటికంటే నాకు అదే ఎక్కువ సంతోషం.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. విశాఖలో ఈ పని ఇంకా తక్కువ. గ్రీన్‌ రేటింగ్‌, శక్తి విశ్లేషణ చేసే సంస్థలు ఎక్కువగా హైదరాబాద్‌, బెంగళూరుల్లో ఉన్నాయి. భవనాల ఇంధన పొదుపు కోడ్‌, ఇళ్ల కోసం 2018లో మొదలైన ఎకో నివాస్‌ సంహిత బాగా తెలిసినవారికి అక్కడ పని దొరుకుతుంది. బోధనలోకి రావాలనుకుంటే పీహెచ్‌డీ ఉండటం మేలు. ఎం.ఆర్క్‌ తర్వాత రెండు మూడేళ్లు పనిచేసి పీహెచ్‌డీకి వెళ్లడం నాకు నచ్చిన వరుస. ఈలోగా కట్టేవాళ్ల ఇబ్బందులు తెలుస్తాయి, ప్రశ్న పదునెక్కుతుంది.

ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. మీ కాలేజీ ప్రయోగశాలలో ఉష్ణోగ్రత, తేమ నమోదు చేసే పరికరం ఉంటే అడిగి తీసుకుని, మీ ఇంట్లో వంటగది, పడకగది, బాల్కనీ మూడుచోట్లా వారం పాటు కొలవండి. గ్రాఫులతో రెండు పేజీలు రాయండి. మీరు చేరాలనుకునే చోట ఆచార్యులకు ఉత్తరం రాసేటప్పుడు దాన్ని జతచేయండి. మార్కుల జాబితాతో వచ్చే ఉత్తరాలు వాళ్లకు రోజూ వస్తాయి, సొంతంగా కొలిచిన అంకెలతో వచ్చేవి అరుదు. వారం లెక్కలు చేతికొచ్చాక ఏవైనా అర్థం కాకపోతే ఈ జవాబు కిందే పెట్టండి, చూసి చెబుతాను.