రెండూ పెరిగితే సరిపోదు అమ్మడూ

అమ్మడూ,

నువ్వు ఫొటో తీసి పంపిన లెక్క చూశాను. ఎక్స్ కింద 2, 5, 8, వై కింద 7, 16, 25. రెండూ పెరుగుతున్నాయి కాబట్టి అనులోమానుపాతం అని రాసేశావు. ఈ చాప్టర్‌లో మార్కులు పోయేది ఇక్కడే. అనులోమానుపాతం అనాలంటే ఒకటి ఎన్ని రెట్లయితే రెండోదీ అన్ని రెట్లే అవుతోందా లేదా అన్నది చూడాలి, అందుకు ప్రతి జతలోనూ వైని ఎక్స్‌తో భాగించు. 7ని 2తో భాగిస్తే 3.5, 16ని 5తో భాగిస్తే 3.2. అక్కడికే తేడా వచ్చేసింది, ఇక మూడోది చూడక్కర్లేదు.

అదే 3 కిలోల బియ్యం 174 రూపాయలు, 5 కిలోలు 290 అనుకో, రూపాయల్ని కిలోలతో భాగిస్తే రెండింట్లోనూ 58 వస్తుంది. పుస్తకంలో దాన్ని అనుపాత స్థిరాంకం (కె) అంటారు, కొట్లో అయితే కిలో ధర. వై = కె × ఎక్స్ అని బట్టీ పట్టే ముందు, ఆ లెక్కలో కె అంటే కిలోకి రూపాయలా, గంటకి కిలోమీటర్లా అన్నది పక్కన రాసుకో. సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ ల్యాబ్‌లో స్ప్రింగ్ ఉంటుంది కదా, ఏమీ తగిలించకపోతే 12 సెంటీమీటర్లు ఉందనుకో. 100 గ్రాములు తగిలిస్తే 14, 200కి 16, 300కి 18. పొడవుని బరువుతో భాగించి చూడు, ఒక్కటీ కలవదు. కానీ మొదట ఉన్న 12 తీసేసి సాగినంత మాత్రమే రాస్తే 2, 4, 6, బరువుకి తగ్గట్టు చక్కగా వస్తాయి. రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం ఇదే, అనుపాతం సాగుదలకి, పొడవుకి కాదు. (మరీ లాగేస్తే స్ప్రింగ్ పాడై ఈ లెక్క తప్పుతుంది, అది వేరే కథ.) నీ లెక్కలోనూ వైలోంచి 1 తీసెయ్యి: 6, 15, 24. ఇప్పుడు భాగించి చూడు! సెంటీగ్రేడ్ 10 అంటే ఫారెన్‌హీట్ 50, 20 అంటే 68. సెంటీగ్రేడ్ సున్నా దగ్గరే ఫారెన్‌హీట్ 32 ఉంటుంది, ఇక్కడా అడ్డం పడేది ఆ 32యే.

గ్రాఫ్ గీస్తే ఇవన్నీ సరళరేఖలే, అందుకే మోసపోతారు. రేఖ మూలబిందువు (రెండూ సున్నా అయ్యే చోటు) గుండా పోతేనే అనులోమానుపాతం.

అడ్డగుణకారం గురించి అడిగావు. అది ఆర్యభటుడి కాలంలోనే ఉన్న త్రైరాశికం, అంటే తెలిసిన మూడు సంఖ్యలతో నాలుగోది కనుక్కోవడం, మంచి పనిముట్టే, కాకపోతే నిష్పత్తి స్థిరంగా ఉందని తేలాకే వాడాలి. మా క్లాసుల్లో లెక్క చదవకుండానే అడ్డంగా గుణించేసేవాళ్లు బోలెడుమంది ఉండేవాళ్లు, మనుషులు-రోజుల లెక్కొస్తే అంతే సంగతులు! అక్కడ ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, స్థిరంగా ఉండేది రెండూ గుణిస్తే వచ్చే లబ్ధం, అది విలోమానుపాతం.

ఆదివారంలోపు రెండు పట్టికలు వేసి పంపు: చతురస్రం భుజం-కర్ణం ఒకటి, భుజం-వైశాల్యం ఒకటి, భుజాలు 1, 2, 3, 4 తీసుకో. రెండు గ్రాఫులూ సున్నా దగ్గరే మొదలవుతాయి, ఒకటే అనులోమానుపాతం. ఏదో, ఎందుకో రాయి. కాలిక్యులేటర్ వాడుకో, ఏమీ అనను.

మావయ్య