రీఫండ్ రాకముందే ఖర్చు పెట్టేస్తే ఎలా?

ప్రశ్న: డాలస్‌లో హెచ్‌-1బీ మీద ఉన్నాను. జీతం 1,10,000 డాలర్లు. 2025 ఫిబ్రవరిలో పెళ్లయింది, మార్చిలో నా భార్య హెచ్‌-4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చింది. డిసెంబర్ 28న పాప పుట్టింది. పెళ్లి, పాప రెండూ ఒకే ఏడాది కాబట్టి 9,000 డాలర్ల ట్యాక్స్ రీఫండ్ వస్తుందని ఫ్రెండ్స్ అన్నారు. ఆ ధైర్యంతో సీమంతానికి, అమ్మానాన్నల టికెట్లకు 24 శాతం వడ్డీ కార్డు మీద 9,000 వాడాను. సేవింగ్స్‌లో 1,400 ఉన్నాయి. మా కారు పాతబడింది. రీఫండ్ వచ్చేలోపు పర్సనల్ లోన్ తీసుకుని కొత్తది కొనవచ్చా?

జవాబు: వద్దండి. ఈ పొరపాటు ప్రతి ఫిబ్రవరిలో నాకు కనిపిస్తుంది కాబట్టే మీ ఉత్తరం తీసుకున్నాను.

మీ ఫ్రెండ్స్ లెక్క పూర్తిగా తప్పు కాదు. డిసెంబర్ 31కి పెళ్లయి ఉంటే ఏడాదంతా పెళ్లయినట్టే. పాప మూడు రోజుల ముందు పుట్టినా 2,200 డాలర్ల చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ మొత్తం వస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను పడని మొత్తం, 15,750 నుంచి 31,500కు పెరుగుతుంది. కానీ మీరు పంపిన పేస్టబ్‌లు (జీతం స్లిప్పులు) పక్కపక్కన పెట్టి చూడండి. జూలై 31న ఫెడరల్ ట్యాక్స్ 659 డాలర్లు కోశారు, ఆగస్టు 15న 380. మధ్యలో మీరు డబ్ల్యూ-4, అంటే జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే ఫారం, మార్చారు. అంటే పెళ్లి వల్ల తగ్గిన పన్నులో దాదాపు 2,800 డిసెంబర్‌లోపే జీతంతో పాటు చేతికొచ్చి ఖర్చయిపోయింది. ఇక మిగిలేది 6,300కు కాస్త అటూ ఇటూ. అది కూడా వెంటనే రాదు. మీ ఆవిడకు ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకిచ్చే పన్ను నంబర్) కావాలి, దాని దరఖాస్తు డబ్ల్యూ-7ను రిటర్న్‌తో కలిపి పంపాలి, ఈ సీజన్‌లో రెండు నెలలు దాటుతుంది. ఆవిడ ఏడాది మధ్యలో వచ్చారు కాబట్టి రిటర్న్ జాయింట్‌గా వేయడానికి ఇద్దరూ సంతకం చేసిన స్టేట్‌మెంట్ జత చేయాలి. అప్పుడు ఇండియాలో ఆవిడకు వచ్చే ఎఫ్‌డీ వడ్డీ కూడా చూపించాలి. అది దాచకండి.

ఈలోగా కార్డు నెలకు 180 డాలర్ల వడ్డీ తింటోంది. దాని మీద ఇంకో లోనా? రీఫండ్ అంటే మీ దగ్గర ఎక్కువగా కోసిన మీ డబ్బే. దాన్ని చూపించి అప్పు చేయడమంటే మీ డబ్బుకు మీరే వడ్డీ కట్టడం.

నన్ను భయపెట్టింది ఆ 1,400. ఉద్యోగం పోతే మీకున్నది 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండే అనుమతి పత్రం) గడువు అంతకంటే ముందుంటే అదీ లేదు. మీ ఆవిడ స్టేటస్ మీదాన్ని బట్టే నడుస్తుంది. పసిబిడ్డతో ఆ రెండు నెలల అద్దె, తిండి, అవసరమైతే ఇండియాకు టికెట్లు, ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తారు? హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఎమర్జెన్సీ ఫండ్ అంటే కనీసం నాలుగు నెలల ఖర్చు, అదీ అమెరికా బ్యాంకులోనే. ఊళ్లో ప్లాటు ఉంది కదా అనుకుంటే 60 రోజుల్లో అమ్ముడుపోదు.

రీఫండ్ రాగానే 2,000 పక్కన పెట్టి మిగతాది కార్డుకు కట్టండి. ఈ వారమే డబ్ల్యూ-4లో పాప పేరిట 2,200 చేర్చండి, చేతికొచ్చే ప్రతి జీతానికి 92 డాలర్లు పెరుగుతాయి. ఆ 92, ఆగస్టు నుంచి మిగులుతున్న 279 కలిపి జీతం పడిన రోజే సేవింగ్స్‌కు వెళ్లేలా పెట్టండి. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. పాప చదువుకు 529 ఖాతా (చదువుల పొదుపు ఖాతా) తర్వాత చూద్దాం. కారు ఇంకో ఏడాది నడపండి.