ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక వైఫై అసలు కనిపించట్లేదు, కార్డు పోయిందా?

విండోస్‌లో నిన్నటిదాకా బానే పనిచేసిందంటే కార్డు పోయి ఉండదండి, చాలాసార్లు ఇది డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) గొడవే. ముందు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) కొట్టండి, హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ (yes) అని ఉంటే ల్యాప్‌టాప్ పక్కన స్విచ్చో పైవరసలో ఫ్లైట్ మోడ్ కీయో ఆపేసి ఉందని, సాఫ్ట్ బ్లాక్డ్ ఒక్కటే అయితే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై (rfkill unblock wifi) అంటే సరిపోద్ది.

రెండూ నో అయితే ఎల్ఎస్‌పీసీఐకి మైనస్ ఎన్ఎన్‌కే తగిలించి (lspci -nnk) నడపండి. నెట్‌వర్క్ కంట్రోలర్ కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైనే లేకపోతే దొంగ దొరికినట్టే, కార్డుకి డ్రైవర్ లేదన్నమాట. అక్కడ కనిపించే ఐడీ 14ఈ4 (14e4)తో మొదలైతే అది బ్రాడ్‌కామ్ కంపెనీ కార్డు, పాత ల్యాప్‌టాప్‌లలో బీసీఎం43142 అనే మోడల్ తెగ కనిపిస్తది, దీనికి ఆ కంపెనీ సొంత డ్రైవర్ డబ్ల్యూఎల్ (wl) వేసుకోవాల్సిందే. నెట్ లేకుండా ఎలా దింపాలి అంటారా, ఫోన్‌కి కేబుల్ పెట్టి దాని నెట్ ల్యాప్‌టాప్‌కి వచ్చేలా యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, తర్వాత ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే యాప్ తెరిచి బ్రాడ్‌కామ్‌ది ఎంచుకుని అప్లై కొట్టండి.

ఇక అసలు తిరకాసు సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లని లోడ్ అవ్వనివ్వని రక్షణ. అది ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది, రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్ వస్తది, 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది వెళ్లిపోయి మామూలుగా బూట్ అయిపోద్ది, డ్రైవర్ మాత్రం లోడ్ అవ్వదు. ఆ నీలం స్క్రీన్‌లో ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK, ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టండి, టైప్ చేసేటప్పుడు అక్షరాలు కనబడవు, కంగారు పడకండి.