బండి అమ్మేశారు, ఆర్‌సీలో పేరు మాత్రం మీదే

ప్రశ్న: 2021 మార్చిలో కొత్తగా కొన్న బైకును 2023 ఆగస్టులో ఆన్‌లైన్ యాప్‌లో ప్రకటన పెట్టి అమ్మేశాను. నాన్నగారి ఆపరేషన్‌కు డబ్బు అవసరమై వచ్చిన ధరకే ఇచ్చేశాను. కొన్నాయన యూపీఐలో డబ్బు పంపాడు. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఆర్‌సీతో సహా ఇచ్చాను. వారంలో పేరు మార్పించుకుంటానని చెప్పి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. 2025 జనవరిలో ఆ బండి నడిచిపోతున్న ఒకాయన్ని గుద్దిందట, కాలు విరిగిందట. ఇప్పుడు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ నుంచి నాకు నోటీసు వచ్చింది. నేను రెన్యువల్ చేయలేదు కనుక ఇన్సూరెన్స్ కూడా లేదు. పాత తేదీతో అమ్మకం ఒప్పందం రాయించుకోమని మిత్రులు అంటున్నారు. నమ్మి మోసపోయింది నేనైతే నష్టపరిహారం నేను కట్టాలా?

జవాబు: ఎందుకు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఆయన ఫోన్ ఎందుకు ఎత్తలేదు అన్నవి ట్రిబ్యునల్‌కు అక్కర్లేని సంగతులు. అది చూసేది ఒక్కటే: ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది? మీ పేరునే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం వాహనం ఎవరి పేరున రిజిస్టర్ అయి ఉందో వారే యజమాని. బండి చేతులు ఎన్ని మారినా, రికార్డులో పేరు మారనంత వరకు గాయపడినవారికి జవాబుదారీ ఆ పేరు గలవారేనని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 ఫిబ్రవరిలో తేల్చింది. కాబట్టి ‘అమ్మేశాను, నాకు సంబంధం లేదు’ అన్న ఒక్క వాదననే నమ్ముకుని వెళ్లకండి.

ఇక్కడ తప్పు మీది కూడా. సంతకం పెట్టిన ఫారాలు కొన్నవాడి చేతిలో పెట్టి మరిచిపోయారు. సెక్షన్ 50 ప్రకారం అమ్మిన 14 రోజుల్లోగా ఫారం 29లో ఆర్‌టీవోకు తెలియజేయాల్సింది మీరు. కొన్నవాడికి 30 రోజుల గడువు వేరే ఉంది. ఫారం 29 రెండు ప్రతులు తీసుకునేది ఊరికే కాదు, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకోవడానికి కూడా. ఆ కాగితం ఉంటే ఆయన వెంట పడటానికి ఇవాళ మీ చేతిలో ఆధారం ఉండేది.

ఇక ఇన్సూరెన్స్ లేదన్నారు. తొందరపడ్డారు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం తాలూకు) పాలసీ అయిదేళ్లకు తీసుకోవడం తప్పనిసరి. ఏడాదికి ముగిసేది మీ బండికి జరిగే నష్టం తాలూకు భాగం మాత్రమే. రెన్యువల్ నోటీసులు వచ్చేది దానికే కాబట్టి మొత్తం పాలసీ పోయిందని చాలామంది అనుకుంటారు. 2021 మార్చిలో షోరూమ్‌లో కొన్న బండికి థర్డ్ పార్టీ రక్షణ 2026 మార్చి దాకా ఉండాలి. షెడ్యూలు పేజీలో సొంత నష్టానికి ఒక కాలవ్యవధి, థర్డ్ పార్టీకి వేరే కాలవ్యవధి రాసి ఉంటాయి, తీసి చూడండి. కాగితం పోయి ఉంటే పాత ఈమెయిళ్లు, షోరూమ్ బిల్లు, వాహన్ పోర్టల్ రికార్డు వెతకండి. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ నుంచి నకలు తెచ్చుకోవచ్చు. బండి చేతులు మారినా ఆ రక్షణ బండితోనే వెళ్తుందని సెక్షన్ 157 చెబుతుంది. కనుక పరిహారం మొత్తం మీ జేబులోంచి పోవాల్సిన పని లేకపోవచ్చు.

పాలసీ దొరికిన వెంటనే మీ వకీలు చేత ఇన్సూరెన్స్ కంపెనీని ప్రతివాదిగా చేర్చమని పిటిషన్ వేయించండి. తీర్పు వచ్చాక కంపెనీ తలుపు తట్టడం కుదరదు, కేసు నడుస్తుండగానే దానికి నోటీసు అందాలి. కొన్నాయన్నీ చేర్చమనండి. బండి నడిపినవాడికి లైసెన్సు లేకపోతే కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత రికార్డులో ఉన్న యజమాని మీద పడి వసూలు చేసుకోవచ్చు. రికార్డులో ఉన్న ఆ యజమాని మీరే. అందుకే బండి 2023 ఆగస్టులోనే మీ చేయి దాటిందని కౌంటర్‌లో, అంటే ట్రిబ్యునల్‌కు మీరిచ్చే జవాబులో, ఇప్పుడే రాయించండి.

అమ్మిన రుజువులు అక్కరకొచ్చేది ఇక్కడే. అవి బాధితుడి ముందు మిమ్మల్ని కాపాడకపోయినా, కొన్నాయన మీద పనిచేస్తాయి. బ్యాంకు నుంచి ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ తెచ్చుకోండి, అందులో యూపీఐ లావాదేవీ నంబరు కనబడాలి. చాట్‌ను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి, మొత్తంగా ఎగుమతి చేసి భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ రికార్డు మీద అభ్యంతరం రావడం ఖాయం. చాట్ ఉన్న ఫోన్‌ను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. మీరు పరిహారం కట్టాల్సి వస్తే, కట్టిన తేదీ నుంచి మూడేళ్లలోగా కొన్నాయన మీద వసూలు దావా వేయవచ్చు.

పాత తేదీ ఒప్పందం మాట మళ్లీ ఎత్తకండి. స్టాంపు కాగితం ఎవరికి, ఏ రోజున అమ్మారో వెండర్ రిజిస్టర్‌లో ఉంటుంది, ఈ-స్టాంపు మీదైతే తేదీ, సమయం అచ్చయి ఉంటాయి. అవతలి వకీలు ఆ రిజిస్టర్ తెప్పించమని అడిగితే మీ కథ అక్కడే ముగుస్తుంది. న్యాయ విచారణలో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఒప్పందం నిజమైనదే అయి ఉన్నా బాధితుడి ముందు మీకు ఒరిగేదేమీ లేదని పైన చెప్పాను. ఒరగనిదాని కోసం జైలుకు ఎందుకు వెళ్తారు? ఇప్పుడు పేరు మార్పిస్తే కూడా అది ఇవాళ్టి నుంచే లెక్క, 2025 జనవరికి అంటదు. అయినా ఆర్‌టీవోకు రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి, ఈ బండి రేపు ఇంకెవర్ని గుద్దుతుందో తెలియదు.

నోటీసులో ఉన్న వాయిదా తేదీకి హాజరై వకాలత్ వేయించడం అన్నిటికన్నా ముందు. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, తీర్పిస్తారు. దాన్ని రద్దు చేయించుకోవడానికి 30 రోజులే గడువు. అప్పీలుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 173 కింద 90 రోజులున్నా, ముందుగా 25,000 రూపాయలు లేదా తీర్పు మొత్తంలో సగం, రెండింటిలో ఏది తక్కువైతే అది డిపాజిట్ చేయాలి. పాలసీ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్, నోటీసు నకలు ఒక ఫైల్లో పెట్టుకుని ఈ వారంలోనే వకీలును కలవండి.