పుస్తకం స్కాన్ చేసి గ్రూపులో పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది కావలి. అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చి నెలైంది. ప్రొఫెసర్ స్లైడ్లు, స్కాన్ చేసిన టెక్స్ట్‌బుక్ మా వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

జవాబు: స్లైడ్ల సంగతి ఆయన్నే అడుగు తమ్ముడూ, చాలామంది సరేనంటారు. పుస్తకం మాత్రం వద్దు. నేను పెట్టి చూశాను.

మాది నెల్లూరు. వీఆర్సీ సెంటర్ దగ్గర జిరాక్స్ అంగట్లో పొద్దున పుస్తకమిస్తే సాయంత్రానికి స్పైరల్ బైండింగ్ చేసిచ్చేవాళ్లు. చదువంటే అట్టాగే అనుకున్నా. 2009లో ఇక్కడికొస్తే ఒక్క పుస్తకం 180 డాలర్లు, అప్పటి లెక్కన ఎనిమిదిన్నర వేలు పైనే. రూములో ఆరుగురం తలా 30 వేసుకుని కొన్నాం. లైబ్రరీ స్కానర్ దగ్గర రెండు రాత్రులు కూర్చుని మొత్తం స్కాన్ చేశాను. తర్వాతి సెమిస్టర్లో అదే కోర్సుకు టీఏనయ్యాను, అంటే ప్రొఫెసర్‌కి పాఠాల్లో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్. పిల్లలకి ఆ ఖర్చెందుకని కోర్సు పేజీలో పెట్టేశాను.

కాపీరైట్ తప్పిందని మూడోరోజే యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. టీఏ పోతే ఫీజు మాఫీ పోతుంది. నాన్న అప్పటికే కోవూరు దగ్గర ఎకరంన్నర మాగాణి కుదువపెట్టి ఉన్నారు, ఇంకేం తెస్తారు? ఆ వారమంతా అన్నం సయించలా. ఇంటికి ఫోన్ చేసి నాట్లు పడ్డాయా అని అడిగి పెట్టేసేవాణ్ణి. చివరికి హెచ్చరిక కాగితమిచ్చి వదిలేశారు.

రూల్సంటావా, ఇక్కడి కాపీరైట్ చట్టం 107వ సెక్షన్‌లో ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పేది), ఆన్‌లైన్ పాఠాలకి 2002 నాటి టీచ్ యాక్ట్, అన్నీ మీ లైబ్రరీ వాళ్లే చెబుతారు. కోర్సు పుస్తకాల్లోంచి జిరాక్స్‌లు తీసిచ్చే అంగడి మీద ప్రచురణకర్తలు వేసిన ఢిల్లీ యూనివర్సిటీ కేసులో 2016లో హైకోర్టు విద్యార్థుల వైపు నిలిచింది, నిజమే. అది మన దేశపు చట్టం, ఇక్కడ చెల్లదు.

నీకు కావాల్సింది డబ్బు మిగలడం, అది నన్నడుగు. లైబ్రరీలో కోర్స్ రిజర్వు అని ఉంటుంది, ప్రొఫెసర్ చెప్పిన పుస్తకాన్ని గంటల లెక్కన ఇస్తారు. మీ బ్యాచ్ పిల్లలకి లైబ్రరీ మెట్లెక్కడమే బరువు. ఒక చాప్టరే కావాలంటే ఇంటర్‌లైబ్రరీ లోన్లో (వేరే లైబ్రరీ నుంచి తెప్పించిచ్చే పద్ధతి) అడుగు, చాలాచోట్ల ఉచితం. ఇండియన్ ఎడిషన్ తెప్పించుకోవడం తప్పు కాదు. థాయిలాండ్ విద్యార్థి ఒకడు విదేశీ ఎడిషన్లు తెచ్చి అమ్మితే, 2013లో ఇక్కడి సుప్రీంకోర్టు అతని వైపే తీర్పిచ్చింది. ఇండియన్ ఎడిషన్లో లెక్కల నంబర్లు మారొచ్చు, ఎవరి దగ్గరైనా సరిచూసుకో. వ్యాసాలైతే పీడీఎఫ్ కాదు, లైబ్రరీ లింకు పంపు. ఇట్టా చేసే మిగతా చదువంతా పుస్తకాలకి 95 డాలర్లలో సర్దుకున్నాను, పొలం రెండేళ్లలో విడిపించాను.

గ్రూపులో ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రాత్రే తీసెయ్. రేపు రిజర్వు కౌంటర్లో కోర్సు నంబరు చెప్పు.